కదిలే యంత్రం – కదలని పునాది
(బస్తర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కాని వ్యక్తి యంత్రాల పునాదులను గురించి ప్రసంగించడం మీకు వింతగా తోచవచ్చును. హిందీ నుంచి తెలుగులోనికి అనువదించడం నా వృత్తి. ఆ వృత్తిలో నేను చేసిన ఒక పొరపాటే నాచేత ఈ విషయాన్ని చదివించినది.

బస్తర్ ఇనుముకూ తెలుగునేలకూ గల అనుబంధం మీరెరిగినదే. ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్ల బైలాదీలా కొండలకు ఆ పేరు వచ్చినది. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ 1968లో తవ్వకాలు ప్రారంభించినది. ఆ ఖనిజం కిరందుల్ నుంచి అరకు కొండల మీదుగా రైలులో విశాఖపట్నం చేరుతున్నది. జగదల్‌పూర్ సమీపాన నగర్నార్‌లో నిర్మించిన ఉక్కు కర్మాగారం 2023లో జాతికి అంకితమైనది. రాతిని పిండిచేసే క్రషరు మొదలు కొలిమికి గాలినందించే బ్లోయరు వరకు ఈ పరిశ్రమలో తిరిగే యంత్రం లేని చోటు లేదు.

తిరిగే చక్రం ఎంత నేర్పుగా తయారు చేసినా, దాని బరువు ఇరుసు చుట్టూ సంపూర్ణంగా సమంగా ఉండదు. ఇరుసుకు అర మీటరు దూరంలో కేవలం 100 గ్రాముల బరువు అదనంగా ఉన్నదనుకొందాము. యంత్రం నిమిషానికి 3000 సార్లు తిరిగితే, ఆ 100 గ్రాములు సుమారు 500 కిలోల బరువుతో సమానమైన బలంగా మారి, సెకనుకు 50 చుట్లు తిరుగుతూ పునాదిని లాగుతుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు తగ్గుతుంది.

అట్లయితే పునాదిని బరువుగా వేస్తే చాలునా? చాలదు. ఊయలకు ఒక సహజమైన లయ ఉన్నట్లే, నేలమీద కూర్చున్న ప్రతి పునాదికీ సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఊయల లయకు సరిగా తోస్తే పసివాడి చేయి కూడా దానిని ఎత్తుగా ఊపగలదు. యంత్రవేగం పునాది లయతో కలిసినప్పుడు జరిగేది అదే. దీనినే అనునాదం అంటారు. అందువల్ల ఈ రెండింటి నడుమ సాధారణంగా కనీసం 20 శాతం ఎడం ఉంచుతారు. ఆ లయ పునాది బరువు మీదనే గాక, క్రింది నేల బిగువు మీద కూడా ఆధారపడుతుంది. బండరాతి మీద సరిపడిన పునాది బంకనేల మీద సరిపడకపోవచ్చును. కనుక ముందుగా నేలను పరీక్షించవలెను. యంత్రం, పునాది – రెండింటి ఉమ్మడి గరిమనాభి, పునాది అడుగుభాగపు కేంద్రం వీలైనంతవరకు ఒకే నిలువు గీతపై ఉండవలెను. కంపనం గోడలకు ప్రాకకుండా భవనపు పునాదికీ దీనికీ నడుమ ఖాళీ వదలవలెను. ఈ నియమాలను యంత్రపు తరగతిని బట్టి వివరించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2974.

ఇక నా పొరపాటు. ఒక హిందీ సూచనల పుస్తకంలో కంపనపు 'ఆయామ్' పరిమితంగా ఉండవలెనని ఉన్నది. తెలుగులో ఆయామమంటే నిడివి కదా అని, 'పునాది కొలతలు పరిమితంగా ఉండవలెను' అని వ్రాసినాను. అచ్చుకు పోకముందు ఆ ప్రతిని చదివిన ఒక వృద్ధ ఫోర్‌మన్, "ఏమండీ, పునాది తగ్గించి పోస్తే ఈ మిషను పక్కన రాత్రి షిఫ్టులో మీరు నిలబడతారా?" అని అడిగినారు. భౌతికశాస్త్రంలో ఆ హిందీ మాటకు అర్థం కంపన పరిమితి, అనగా వస్తువు తన స్థానం నుంచి ఎంత దూరం ఊగుతున్నదో ఆ కొలత. వేగంగా తిరిగే పెద్ద యంత్రాల విషయంలో అది మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్కలోనే ఉండవలెను. దానిని అదుపులో ఉంచడానికే పునాదికి తగిన కొలతలు కావలెను. నేను దానికి సరిగా విరుద్ధమైన ఆదేశం వ్రాసినాను.

హిందీ 'ఆవృత్తి' కూడా అట్టిదే. శాస్త్రంలో అది మన పౌనఃపున్యం. తెలుగు పాఠకునికి మాత్రం ఆవృత్తి అంటే మరల మరల చేయుట.

సంస్కృత పదాలు మన భాషలను దగ్గర చేసినమాట నిజమే. కాని రూపం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. తెలుగు, హిందీ, హల్బీ, గోండి మాట్లాడే కార్మికులు ఒకే యంత్రం పక్కన నిలబడే ఈ ప్రాంతంలో, తప్పు మాటకు మూల్యం చెల్లించేది పుస్తకం వ్రాసినవాడు కాదు. కనుక యువ అనువాదకులకు నా విన్నపం ఒక్కటే: నిఘంటువు చూచిన తరువాత, ఆ యంత్రాన్ని నడిపేవారిని కూడా ఒకమాట అడగండి.