మంజీర పక్కన ఇరవై ఆరేళ్లు
(నిజాంసాగర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఆ విషయంలోకి వెళ్లేముందు ఈ ప్రాంతపు చరిత్ర ఒకటి మీ ముందు పెడతాను. స్త్రీలకు ఏ రిజర్వేషనూ లేని రోజుల్లోనే ఈ మంజీర పరిసరాల నుంచి స్త్రీలు వరసగా శాసనసభకు వెళ్లారు. 1952 నుంచి 1978 దాకా, ఇరవై ఆరేళ్లపాటు, బాన్సువాడ, ఎల్లారెడ్డి నియోజకవర్గాల్లో ఏదో ఒకదానికి స్త్రీయే ప్రతినిధి. 1962 నుంచి 1967 వరకు రెండింటికీ స్త్రీలే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

వరసగా చెబుతాను. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి ఎన్నికైంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి. హైదరాబాద్‌లో నిరాశ్రయ స్త్రీల కోసం ఇందిరా సేవా సదన్ స్థాపించింది. హైదరాబాద్ రాష్ట్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేసింది. 1957లోనూ 1962లోనూ ఆమె వికారాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లింది. 1967 నాటికి ఆ వికారాబాద్ లోక్‌సభ నియోజకవర్గమే పటంలో లేకుండా పోయింది. 1967లో ఆమె మెదక్ నుంచి పోటీచేసి గెలిచింది. ఆమె వదిలిన బాన్సువాడలో 1957లోనూ 1962లోనూ సీతాకుమారి గెలిచింది. అంటే మొదటి మూడు ఎన్నికల్లో బాన్సువాడ ఓటర్లు స్త్రీనే ఎన్నుకున్నారు.

ఇక పక్కనున్న ఎల్లారెడ్డి. ఇది అప్పట్లో షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. 1962లో ఇక్కడ టి.ఎన్. సదాలక్ష్మి గెలిచింది. బొల్లారంలో పారిశుధ్య పనివాళ్ల కుటుంబంలో పుట్టిన ఈ దళిత స్త్రీ అంతకుముందే ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా పనిచేసింది. తర్వాత మంత్రి అయింది. దేవాదాయ శాఖ ఒక దళిత స్త్రీ చేతిలో ఉండడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1967లో ఆమెను ఓడించింది మరో దళిత స్త్రీ, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు జె. ఈశ్వరీబాయి. చిలకలగూడలో పుట్టి, బడిపంతులమ్మగా పనిచేసి, ఒంటరిగా కూతుర్ని పెంచుకున్న మనిషి ఆమె. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టినప్పుడు శాసనసభలో పాలకులను నిలదీసిన గొంతు ఎల్లారెడ్డి పంపిన గొంతే. 1972లోనూ ఆమే గెలిచింది.

1967 పోటీని ఒక్కసారి ఆలోచించండి. ఒకవైపు మంత్రిగా పనిచేసిన దళిత స్త్రీ. మరోవైపు ప్రతిపక్షంలోని దళిత స్త్రీ. ‘ఆడవాళ్లకు రాజకీయాలు తెలియవు, నిలబడితే ఓట్లు పడవు’ అని ఈనాటికీ టికెట్లు నిరాకరించే పెద్దమనుషులకు ఎల్లారెడ్డి ఓటర్లు అప్పుడే జవాబు చెప్పారు.

మరి తర్వాత ఏమైంది? 1971 జనాభా లెక్కల మీద నియోజకవర్గాలను మళ్లీ విభజించారు. 1978 ఎన్నికల నాటికి ఎల్లారెడ్డి జనరల్ స్థానం అయింది, రిజర్వేషన్ జుక్కల్‌కు వెళ్లింది. ఎల్లారెడ్డి అనే పేరు ఇప్పటికీ ఉంది. కాని సదాలక్ష్మిని, ఈశ్వరీబాయిని పంపిన ఆ దళిత నియోజకవర్గం 1978తో చరిత్రలో కలిసిపోయింది. ఆనాటి నుంచి 2023 ఎన్నికల దాకా ఎల్లారెడ్డి నుంచి గాని, 1967 తర్వాత బాన్సువాడ నుంచి గాని ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. జుక్కల్‌లో 1999లో అరుణతార గెలిచింది, అంతే. 2008 విభజనలో ఈ మూడు స్థానాలనూ కామారెడ్డినీ మెదక్ జిల్లా వైపున్న మరో మూడు స్థానాలతో కలిపి జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గం చేశారు. 2009 నుంచి 2024 వరకు జరిగిన నాలుగు సాధారణ ఎన్నికల్లో అక్కడ గెలిచింది పురుషులే.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇరవై ఆరేళ్లు స్త్రీలు ప్రాతినిధ్యం వహించిన చోట, ఆ తర్వాత ఒక్కరూ ఎందుకు మిగలలేదు? సరిహద్దులు మారడం ఒక కారణం. డబ్బు, సారా, కాంట్రాక్టర్ల రాజకీయం పెరగడం మరో కారణం. కాని మనం అంతగా మాట్లాడని కారణం ఇంకొకటి ఉంది. లక్ష్మీబాయి, సదాలక్ష్మి, ఈశ్వరీబాయి ముగ్గురూ జంటనగరాల్లో పనిచేసినవాళ్లే. పార్టీలు వాళ్లను అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి నిలబెట్టాయి. ఇది వాళ్ల తప్పు కాదు. వాళ్ల ధైర్యం ముందు మనం తలవంచవలసిందే. కాని వాళ్ల వెనక ఇక్కడి ఊళ్లలో నాట్లు వేసే స్త్రీ, బీడీలు చుట్టే స్త్రీ, మాదిగవాడ స్త్రీ, లంబాడీ తండా స్త్రీ నాయకురాలిగా ఎదిగే ఏర్పాటు ఏ పార్టీ చెయ్యలేదు. అందుకే రిజర్వేషన్ జుక్కల్‌కు జరిగిన రోజున ఎల్లారెడ్డిలో ‘ఈ స్థానం మాది, మేమే నిలబడతాం’ అనడానికి ఒక సంఘం లేకపోయింది.

ఐర్లండ్ ఉదాహరణ ఒకటి చెబుతాను. 1918 డిసెంబరులో డబ్లిన్ నగరంలోని సెయింట్ పాట్రిక్స్ నియోజకవర్గం నుంచి కాన్‌స్టన్స్ మార్కివిచ్ గెలిచింది. బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ ఆమె. అప్పటికి జైల్లో ఉంది. తమ పార్టీ నిర్ణయం ప్రకారం లండన్ సభలో అడుగే పెట్టలేదు. 1922లో ఆ నియోజకవర్గం రద్దయింది. అయినా ఈనాటికీ దాని పేరు చెబితే ఆమె పేరు వస్తుంది. నియోజకవర్గాలు పుడతాయి, పోతాయి. జ్ఞాపకం ఉంచుకోవడం మాత్రం జనం చేతిలో ఉంది.

ఇప్పుడు చట్టం మాట. 2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణ చేసింది. లోక్‌సభలో, రాష్ట్ర శాసనసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు. షెడ్యూల్డు కులాల, తెగల స్థానాల్లోనూ మూడో వంతు ఆ వర్గాల స్త్రీలకు. కాని అది వెంటనే కాదు. చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన, దాని మీద నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే అమలని అందులో రాశారు. పైగా ఆ తర్వాత జరిగే ప్రతి పునర్విభజనకూ స్త్రీల స్థానాలు మారుతాయని రాశారు. వెనుకబడిన కులాల స్త్రీలకు విడిగా వాటా ఇవ్వలేదు.

స్థానం మారడం అంటే ఏమిటో ఎల్లారెడ్డిని చూసిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. పంచాయతీల్లోనూ చూస్తున్నాం. సర్పంచిగా స్త్రీ గెలిచి, పనులు నేర్చుకుని, మొగుడి చాటు నుంచి బయటికొచ్చి, ఆఫీసర్లతో మాట్లాడే ధైర్యం తెచ్చుకునేలోగా రిజర్వేషన్ మారుతుంది. ‘ఇక నీ పని అయిపోయింది, ఇంటికి పో’ అంటారు.

కాబట్టి మన ముందున్న పనులు మూడు.

మొదటిది, సరిహద్దుల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2002 నాటి పునర్విభజన చట్టం ప్రకారం కమిషన్ తన ప్రతిపాదనలను ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరపాలి. కమిషన్‌తో కూర్చునే సహసభ్యులు మాత్రం ఎమ్మెల్యేలు, ఎంపీలే. తుది ఉత్తర్వు వచ్చాక దాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు చాలా తక్కువ. మళ్లీ అటువంటి విచారణ జరిగితే అక్కడ స్త్రీల సంఘాల వినతిపత్రం ఉండాలి. మన మండలం ఎటు పోతోంది, రిజర్వుడు స్థానం ఎటు పోతోంది అని మనమే అడగాలి.

రెండవది, స్థానం వచ్చాక అభ్యర్థిని వెతకడం కాదు. ఈ రోజు సర్పంచులుగా, వార్డు సభ్యులుగా, ఎంపీటీసీలుగా పనిచేస్తున్న, పనిచేసిన స్త్రీలందరినీ పార్టీలకు అతీతంగా ఒకచోట కూర్చోబెట్టాలి. పదవి పోయినవాళ్లను ముందు పిలవాలి. వాళ్ల అనుభవమే మన పెట్టుబడి. లేకపోతే రేపు వచ్చే స్థానాల్లో నాయకుల భార్యలూ కోడళ్లూ తప్ప మనం కనిపించం.

మూడవది, ఈ చరిత్రను రాసి పెట్టుకోవాలి. గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ అని సదాలక్ష్మి బతుకు కథ రాసింది కాబట్టి ఆమె గురించి మనకు ఇంత తెలుసు. సీతాకుమారి గురించి ఎవరు రాశారు? రెండుసార్లు గెలిచిన మనిషి పేరు తప్ప మన చేతిలో ఏముంది? ఎల్లారెడ్డి, బాన్సువాడ ఊళ్లలో ఆ ఎన్నికల్లో ఓటు వేసిన ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. సభలకు ఎవరు పోనిచ్చారు, ఎవరికి ఓటెయ్యమన్నారు, వాళ్లు ఎవరికి వేశారు, అడిగి రాయండి. ఈ పని వచ్చే సమావేశం లోపల మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.