ట్యూబు ఒకరిదే



2023 వానాకాలంలో హైదరాబాదంతా కళ్లకలక వ్యాపించినప్పుడు, తార్నాకలోనూ ఉస్మానియా క్యాంపస్‌లోనూ ఉండే పిల్లలకు పంచమని మీలో కొందరు కంటి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. పంచాం. తీరా చూస్తే గదిలో నలుగురూ ఒకే ట్యూబు వాడుతున్నారు. చెప్పకుండా పంచడం మా తప్పే.

కళ్లకలక ఎక్కువగా వైరస్‌తో వస్తుంది; దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. చిక్కటి పుసి కట్టి రెప్పలు అంటుకుపోతే బ్యాక్టీరియా కావచ్చు. అది డాక్టరే తేల్చాలి. స్టెరాయిడ్ కలిసిన మందు సొంతంగా వాడితే చూపుకే ముప్పు.

డాక్టరు రాసిస్తే చేతులు కడుక్కుని, కింది రెప్పను కొంచెం లాగి, లోపల సెంటీమీటరు మేర సన్నగా మందు పెట్టాలి. ట్యూబు మూతి కంటికి తగలకూడదు. చూపు కాసేపు మసకబారుతుంది, అప్పుడు బండి నడపవద్దు. తగ్గిందని మధ్యలో మానవద్దు. మూత తీసి నెల దాటిన ట్యూబును పారేయాలి. కన్ను బాగా నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

అందుకే ఇకపై ట్యూబులు వద్దు. తార్నాక నుంచి మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఒక విద్యార్థి వెళ్లి వచ్చే ఆటో ఖర్చు ఇవ్వండి. అదీ సదఖాయే.