కథకు పదకృత్యం

ఒక రచనను చదివి దాని తాత్పర్యం చెప్పగలగడం ఒక విద్య కాగా, ఆ తాత్పర్యాన్ని సాధించడానికి రచయిత ఏయే దారులను విడిచి ఏ దారిని పట్టాడో కనిపెట్టగలగడం మరొక విద్య. తెలుగు సాహిత్య బోధనలో మొదటిదానికి దక్కిన ఆదరం రెండవదానికి దక్కలేదనీ, రాయదలచిన యువతకు అసలు కావలసింది ఆ రెండవదేననీ సభవారికి విన్నవించడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ విద్య మన పండితులకు కొత్తది కాదు. శాస్త్రగ్రంథాలలో ఒక లక్షణవాక్యంలోని ఒక్కొక్క పదాన్నీ తొలగించి చూసి, అది లేకపోతే ఏ దోషం కలుగుతుందో తేల్చి, తద్వారా ఆ పదం అక్కడ చేస్తున్న పనిని నిర్ణయించే పద్ధతి ఉంది. దానినే పదకృత్యం అంటారు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. పద్యం విషయంలో ఇంతటి నిష్ఠ పాటించిన జాతి, వచన కథ దగ్గరికి వచ్చేసరికి ఇతివృత్తమూ సందేశమూ చెప్పి ఊరుకోవడం విచారకరం.

1910లో వెలువడిన గురజాడ అప్పారావు కథ ‘దిద్దుబాటు’కు ఈ పరీక్ష పెట్టి చూడవచ్చు. సానిపాటకు పోయి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు తలుపు దగ్గర నిలబడి పిలవడంతో కథ మొదలవుతుంది. అతడెవరో, ఎక్కడినుంచి వస్తున్నాడో కథకుడు ముందుగా చెప్పడు. గడియారం ఒంటిగంట కొట్టడమూ, ఆలస్యానికి అతడు తనను తాను నిందించుకోవడమూ ఆ పని చేస్తాయి. తప్పు చేసినవాడి నోటనే తప్పు బయటపడుతున్నందువల్ల కథకుడు తీర్పు చెప్పవలసిన అవసరమే లేకపోయింది.

లోపల భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. గోపాలరావు ఆ ఉత్తరాన్ని చదవబోతూ సంబోధన దగ్గరే ఆగిపోతాడు, ఎప్పుడూ ఉండే ప్రేమపూర్వకమైన పిలుపు పోయి దాని స్థానంలో పరాయివాడిని పిలిచే మర్యాద కనిపించింది గనుక. జాగ్రత్తగా చదవడమంటే ఏమిటో గురజాడ ఇక్కడ తన పాత్రచేతనే చేయించి చూపాడనిపిస్తుంది.

అయితే కథలోని అసలు నేర్పు రెండవసారి చదివినప్పుడే పట్టుబడుతుంది. కమలిని పుట్టింటికి పోలేదు, ఆ గదిలోనే మంచం కింద ఉంది. ఆ సంగతి తెలిసి మొదటికి వెళితే, తొలి పఠనంలో స్వగతంలా తోచిన పశ్చాత్తాపమూ, నౌకరు రాముడితో నడిచిన సంభాషణా భార్య చెవిన పడుతున్న మాటలుగా మారిపోతాయి. ఆమె దాగిన సంగతిని రచయిత మొదటే చెప్పి ఉంటే పాఠకుడు ఆమె పక్కన చేరి భర్తను చూసి నవ్వుకునేవాడు. చెప్పకపోవడంవల్ల భర్తతోపాటు తానూ కంగారుపడి, అతడి మారిన మనసును నమ్మగలిగాడు. ఆ ఒక్క వాక్యాన్ని వెనక్కి నెట్టడమే ఈ కథ నిర్మాణం. స్త్రీవిద్య ఆవశ్యకత గురించిన వ్యాఖ్యానాలు ఈ కథపై ఎన్నో వచ్చాయి, అవి అవసరమైనవే. కానీ కథ రాయబోయేవాడు వాటినుంచి ఈ మెలకువను నేర్చుకోలేడు.

రచయిత విడిచిన దారి కాగితంమీదనే మిగిలి ఉండడం అరుదైన అదృష్టం. ‘కన్యాశుల్కం’ విషయంలో తెలుగువారికి ఆ అదృష్టం పట్టింది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ దాదాపు తిరగరాసి 1909లో మళ్లీ ప్రకటించాడు. మధురవాణి పాత్ర ఎంతగా పెరిగిందో, ఆ పెరుగుదలతో మిగిలిన పాత్రల మాటతీరు ఎక్కడెక్కడ మారవలసి వచ్చిందో విద్యార్థి స్వయంగా సరిచూసుకోవచ్చు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ రెండు కూర్పులనూ ఎదురెదురు పుటలలో ముద్రించి, కనీసం ఒక్క అంకాన్నైనా తరగతిలో పంక్తి పంక్తిగా చదివించే పనికి పూనుకోవాలని ఈ సదస్సు తీర్మానించడం సముచితం.