దువాతో పాటు దవా: మనసు జబ్బుకు వైద్యం మన హక్కు

(రావికమతంలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ భూముల గురించి మాట్లాడవలసిందిగా పెద్దలు నన్ను కోరారు. అవి ముఖ్యమైనవే. అయితే వాటిపై మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. ఎవరూ నోరు విప్పని ఒక విషయానికి ఈ సమయాన్ని ఇవ్వండని అడిగాను, దయతో అంగీకరించారు. మన ఇళ్లలో మనసుకు జబ్బు చేసినవారి సంగతి అది.

జ్వరం వస్తే వీధిలో అందరికీ చెబుతాము. షుగరు ఉందంటే ఎవరి మాత్రలు ఏమిటో పోల్చి చూసుకుంటాము. మనిషి రాత్రులు నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకుంటున్నా, నెలల తరబడి మంచం దిగకపోయినా, లేని శబ్దాలు వినిపిస్తున్నాయన్నా తలుపు మూస్తాము. అసర్ అంటాము, సాయా అంటాము, నజర్ తగిలిందంటాము. ఆడపిల్లకైతే సంబంధాలు తప్పిపోతాయని, మగపిల్లవాడికైతే ఎవరూ పని ఇవ్వరని దాచిపెడతాము. తావీజు కట్టిస్తాము. అప్పటికీ నెమ్మదించకపోతే దూరపు దర్గాకు తీసుకువెళతాము.

నేను దర్గాలను, దువాను తక్కువ చేసి మాట్లాడడం లేదు. ఏ వైద్యుడూ పది నిమిషాలైనా కేటాయించని మనిషిని దర్గా ప్రాంగణం నెలల తరబడి తన నీడలో ఉంచుకుంటుంది. అక్కడ రోగి తల్లిని ఎవరూ తప్పుపట్టరు. బీదవారికి ఇది చిన్న ఊరట కాదు. అయితే ఆ ఊరట చాలునని ప్రభుత్వం భావించి, మనమూ అలాగే భావిస్తే ఏమవుతుందో ఏర్వాడి చూపించింది.

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, ప్రసిద్ధమైన దర్గాకు సమీపాన, ఒక ప్రైవేటు ఆశ్రయ గృహపు పాకకు నిప్పంటుకుంది. లోపలి రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. 28 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ గృహాన్ని నడిపినది దర్గా కాదు, దర్గాకు వచ్చే రోగుల మీద ఆధారపడి బతికిన ప్రైవేటు వ్యక్తులు. ఏర్వాడికి అన్ని మతాలవారూ రోగులను తెచ్చేవారు. ఆ కుటుంబాలు క్రూరమైనవి కావు. ప్రభుత్వ మానసిక వైద్యం వారికి అందనంత దూరంలో ఉంది, గొలుసు మాత్రం చేరువలో దొరికింది. సుప్రీంకోర్టు ఆ ఘటనను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆ తర్వాత అటువంటి గృహాలు మూతపడ్డాయి.

అదే 2001వ సంవత్సరంలో అమెరికా సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ ఒక నివేదిక వెలువరించారు. నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారు, ఆసియా మూలాలవారు, ఆదివాసులు మానసిక వైద్యాన్ని తక్కువగా పొందుతున్నారని, పొందినా దాని నాణ్యత తక్కువగా ఉంటున్నదని అందులో తేల్చారు. అంత సంపన్న దేశంలోనే! బ్రిటన్‌లో మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా ఆసుపత్రులలో నిర్బంధించబడే నల్లజాతివారి నిష్పత్తి శ్వేతజాతివారి కంటే మూడు రెట్లకు పైగా ఉంటున్నది. సకాలంలో అందవలసిన సేవ అందక, జబ్బు ముదిరిన తరువాత పోలీసుల ద్వారా ఆసుపత్రికి చేరడం అక్కడి అల్పసంఖ్యాకుల అనుభవం. మన అనుభవం దీనికి ఎంత దూరంలో ఉన్నదో మీరే చెప్పాలి.

మన దేశంలో అసలు అందరికీ కొరతే. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. వైద్యం అందనివారు రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం. సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ లేదు. అందరికీ కొరతే అయినప్పుడు ముస్లింల మాట ప్రత్యేకంగా ఎందుకని కొందరు అడుగుతారు. కొరత అందరినీ ఒకేలా తాకదు కనుక అడుగుతున్నాను. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదికను తెరవండి. బురఖా ధరించిన స్త్రీలు బజారులో, బడిలో, ఆసుపత్రిలో తమతో అమర్యాదగా మాట్లాడుతున్నారని కమిటీతో చెప్పుకున్న సంగతి అందులో ఉంది. చదువు, ఉద్యోగం, బ్యాంకు రుణం గురించి అధ్యాయాలకు అధ్యాయాలు రాసిన ఆ నివేదికలో మనసు ఆరోగ్యానికి ఒక్క అధ్యాయం కూడా లేదు. మన నాయకులు కూడా దానిని ఎన్నడూ లోపంగా ఎత్తిచూపలేదు.

కడుపు నొప్పికి వెళ్లిన మనిషి అమర్యాదను దిగమింగి మందు తెచ్చుకోగలదు. మనసు విప్పి చెప్పవలసినచోట అమర్యాద ఎదురైతే వైద్యం అక్కడే ఆగిపోతుంది. మన ఇళ్లలో పెద్ద వయసు స్త్రీలు తమ బాధను ‘ఘబ్రాహట్’ అనే ఒక్క మాటతో చెబుతారు. గుండె దడ, భయం, దిగులు, నిద్రలేమి అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఉర్దూ తెలియని డాక్టరుకు తోడు వచ్చిన కొడుకు దానిని గ్యాస్ అని తర్జుమా చేస్తాడు. గ్యాస్ మాత్ర వస్తుంది. కొడుకు ఎదుట ఆ తల్లి తన కడుపులోని మాట చెప్పగలదా? భర్త మీద, కోడలి మీద, చనిపోయిన బిడ్డ మీద ఉన్న దుఃఖాన్ని చెప్పగలదా?

ఇక దూరం. ఇక్కడి నుంచి విశాఖపట్నంలోని చినవాల్తేరు మానసిక వైద్యశాలకు వెళ్లిరావడమంటే చోడవరం, అనకాపల్లి మీదుగా బస్సులు మారుతూ ఒక రోజంతా గడపడం. స్త్రీలకు బస్సు ఉచితమైనా తోడు వెళ్లే మగవాని కూలి పోతుంది. మెకానిక్ షెడ్డులో, కుట్టు మిషను మీద, సంతలో బతికే కుటుంబం నెలకు ఒకసారి ఆ రోజును వదులుకోలేదు. రెండు నెలలు మందు వాడి, కొంచెం నెమ్మదించగానే మానేస్తారు. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు మందు పని చేయలేదంటాము.

మన సమాజానికి ప్రత్యేకమైన మరొక బరువు ఉంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. హింసించారని వారు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ వారిని కలిసి నివేదిక ఇచ్చారు. కొంతకాలానికి ఆ యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు, ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది. ఎంత సొమ్ము ఇవ్వాలన్న దాని మీద చర్చ జరిగింది. తలుపు తట్టిన చప్పుడుకు ఉలిక్కిపడే వారి రాత్రుల మీద జరగలేదు. 2020 నవంబరులో నంద్యాలలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి ప్రాణాలు తీసుకున్నారు. పోలీసు వేధింపులే కారణమని వారు విడిచి వెళ్లిన వీడియోలో చెప్పారు. ఇద్దరు పోలీసు అధికారులు అరెస్టయ్యారు. అటువంటి కుటుంబానికి కావలసినది ముందుగా న్యాయం. మాత్ర న్యాయానికి బదులు కాదు. కానీ అవమానం భరించలేక కుమిలిపోతున్న మనిషి రాత్రి పదకొండు గంటలకు ఎవరితో మాట్లాడాలో మన మొహల్లాలో ఎందరికి తెలుసు? 2022 అక్టోబరు 10 నుంచి టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ నడుస్తున్నది. నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. దయచేసి ఇప్పుడే ఫోనులో రాసుకోండి. ఇమాం సాహెబ్ అనుమతిస్తే మసీదు గోడ మీద కూడా రాయిద్దాము.

చట్టం సంగతి చెబుతాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మేలో అమలులోకి వచ్చింది. దాని 18వ సెక్షన్ మానసిక వైద్యాన్ని ప్రతి మనిషి హక్కుగా గుర్తించింది. మతం, సంస్కృతి, కులం, స్త్రీపురుష భేదం పేరిట వివక్ష చూపరాదన్నది. అత్యవసర మందుల జాబితాలోని మానసిక ఔషధాలు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఉచితంగా దొరకాలన్నది. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. ఆ నిషేధం ఆసుపత్రికీ వర్తిస్తుంది, ఆశ్రయ గృహానికీ వర్తిస్తుంది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, అందుకు శిక్షించరాదని 115వ సెక్షన్ చెబుతున్నది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో బతికిన మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్లకుండా దాచేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఏళ్ల తరబడి కార్యాలయాలలో ఫైళ్లు నడిపినవాణ్ణి కనుక కాగితాల మాట చెప్పకుండా ఉండలేను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రుగ్మత కూడా వైకల్యమే. సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకు పైగా ధ్రువీకరణ లభిస్తే పెన్షనుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఇప్పుడది నెలకు 6,000 రూపాయలు. మనవారి అర్జీలు తరచు చిక్కుకునేది పేర్ల దగ్గర. ఒక కాగితంలో షేక్ ముందు, మరొకదానిలో వెనుక. ఒకచోట బీబీ, మరొకచోట బేగం, ఇంకొకచోట రెండూ లేవు. రాసిన గుమాస్తాకు అది చిన్న విషయం, ఆ కుటుంబానికి ఏడాది పెన్షను. శిబిరానికి వెళ్లేముందే ఆధారు, రేషను కార్డు సరిచేయించుకోండి. ఆసుపత్రి చీటీలను పారవేయకండి. జబ్బు ఎన్నాళ్లుగా ఉన్నదో చెప్పే సాక్ష్యం అవే.

దువా, దవా కలిసి నడవగలవా అనేవారికి ఒక దృష్టాంతం ఉంది. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి ప్రభుత్వ సహకారంతో మానసిక వైద్యుల క్లినిక్ నడిచింది. ముజావర్లకు శిక్షణ ఇచ్చారు. వచ్చినవారికి వారు దువా చేసి, జబ్బు లక్షణాలు కనిపిస్తే పక్కనే ఉన్న డాక్టరు వద్దకు పంపేవారు. ముజావరు పంపిన రోగి మందు వేసుకుంటాడు, ఎందుకంటే ఆయన మాట మీద నమ్మకం ఉంది. తరువాత ఏర్వాడిలోనూ ఇటువంటి ఏర్పాటు వచ్చింది. ఇది మనకు కొత్త కాదు. కైరోలో 1284లో సుల్తాన్ కలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనోరోగులకు వేరే విభాగం ఉండేది. అబూ జైద్ అల్ బల్ఖీ పదో శతాబ్దానికే దేహ ఆరోగ్యాన్ని, మనసు ఆరోగ్యాన్ని ఒకే గ్రంథంలో చర్చించారు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించినప్పుడు మనసు జబ్బును అందులోంచి మినహాయించలేదు.

కాబట్టి ఒక అర్జీ సిద్ధం చేశాను. సోమవారం అనకాపల్లి కలెక్టరు గారి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇద్దాము. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి నెలలో నిర్ణీత రోజున మానసిక వైద్యుడు రావాలని, రోజు ముందుగా ప్రకటించాలని, మందులు మన చుట్టుపక్కల సామాజిక ఆరోగ్య కేంద్రాలలోనే ఇవ్వాలని, స్త్రీలతో ఏకాంతంగా మాట్లాడే మహిళా సిబ్బంది ఉండాలని, మా ఆశా కార్యకర్తలకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని అడిగాము. ముస్లింలకు మాత్రమే అని ఎక్కడా రాయలేదు. డాక్టరు వస్తే మండలంలో అందరికీ వస్తాడు. కొండ కింది గ్రామాల గిరిజనులు మన కంటే దూరం నడుస్తున్నారు, వారి పెద్దల సంతకాలు కూడా తీసుకుందాము. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు వేస్తాను. ఆ నమూనా కూడా నా సంచిలో ఉంది.

ఇషా నమాజు వరకు ఈ బల్ల దగ్గరే ఉంటాను. అర్జీలో రోగుల పేర్లు ఎక్కడా లేవు, సంతకం చేసినంత మాత్రాన మీ ఇంట్లో రోగి ఉన్నాడని ఎవరూ అనుకోనక్కరలేదు. తల్లులు, అక్కచెల్లెళ్లు పరదా వైపు ఉంచిన రెండో ప్రతి మీద సంతకం చేయవచ్చు. వేలిముద్ర వేసేవారి కోసం అక్కడ ఇంకు పెట్టె కూడా పెట్టించాను.