శాసనములో మన ఊరు



ఈ సంచికలో స్థలచరిత్ర ఉండవలెనని పెద్దలు కోరినారు. శ్రీరామచంద్రుడు సీతాపహరణ వార్తను విన్న కొండ గనుక వినుకొండ యైనదని మనము చెప్పుకొందుము. అది పరంపరగా వచ్చిన స్థలపురాణము. శాసనప్రమాణము వేరు. రెండింటిని కలిపివేయుట నాకు సమ్మతము కాదు.

శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రను తెలుపు శాసనములలో మన ఊరు ‘వినికొండ’గా కనిపించును. 1514లో ఉదయగిరి వశమైన పిమ్మట గెలిచిన దుర్గములలో అద్దంకి, వినికొండ, బెల్లంకొండ, నాగార్జునికొండ, తంగెడ, కేతవరము పేర్లు వచ్చును. ఒక అచ్చు మారినంతనే ఊరు మారదు. ఇరువైపుల అద్దంకి, బెల్లంకొండ నిలిచి యుండగా ఆ నడిమి గిరిదుర్గము మనదే.

కేతవరము సంగతి అంత సులభము కాదు. కర్నూలు జిల్లాలో ప్రాచీన శిలాచిత్రములున్న కేతవరము ఒకటి కలదు. బెల్లంకొండ మండలమున కృష్ణాతీరమందు కేతవరము మరొకటి. పేరొక్కటే పట్టుకొన్నవాడు ఏ దారిన పోవును? వేదాధ్యయనములో క్రమపాఠమని యున్నది. మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతపరచి చెప్పుదుము. ఒక పదము జారినచో పొరుగు పదములే పట్టి యిచ్చును. ఊళ్ల పేర్లకును అదే పద్ధతి. తంగెడ కోట దాచేపల్లి మండలమున కృష్ణ యొడ్డుననే యున్నది. దాని సరసన చెప్పిన కేతవరము కృష్ణాతీరమందలిదే కావలెను గాని కర్నూలు సీమది కానేరదు.

కాలనిర్ణయమునకు పంచాంగము తోడు. కొండవీడు పట్టుబడినది శక 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధ హరివాసరము, సౌరివారము. హరివాసరమనగా ఏకాదశి, సౌరి యనగా శనైశ్చరుడు. అది క్రీ.శ. 1515 జూన్ 23. గుణించి చూడగా శనివారమే వచ్చినది.

పోర్చుగీసువాడైన నూనిజ్ తన వృత్తాంతములో ఉదయగిరిని ‘దిగరి’ యనియు, కొండవీడును ‘కొందొవి’ యనియు వ్రాసెను. పాపము, చెవికి సోకినట్లు వ్రాసినాడు! అయినను దిగరి ముందు, కొందొవి తరువాత, క్రమము చెడలేదు. 1900లో రాబర్ట్ స్యూయెల్ గ్రంథముతో ఆ వృత్తాంతము ఆంగ్లమున వెలువడినది.

ఇక స్వయముగా పోయి చూచెదమన్నను, నాగార్జునకొండ లోయ సాగరజలములలోను, కృష్ణాతీరపు కేతవరము పులిచింతల ముంపులోను కలసినవి. పాత పటములును, దస్త్రములును, శాసనములునే మిగిలిన సాక్షులు.

రాయలు మన ఆలయమునకు దానమిచ్చినట్లు వ్రాయుడని కొందరు ప్రేమతో అడిగినారు. ఆ వరుసలో చెప్పినవి దుర్గములు. దేవాలయ దానము అందు లేదు. లేనిదానిని దేవుని పేరిట వ్రాయజాలను.

దాతలకొక మనవి. శిలాఫలకమునకు మీ ఊరి పేరు ఇచ్చునపుడు మండలమును, పొరుగూరిని కూడ తెలుపుడు. జిల్లా పేరొక్కటే చాలదు. 2022 వరకు గుంటూరు జిల్లాలోనున్న వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోనిది. వివరములను కార్యాలయమున స్పష్టముగా వ్రాసి యిండు; శిల్పి చెక్కకముందే ఒకసారి చదివి సరిచూచుకొనుడు.