“సర్వర్ డౌన్” అనగానే వెనుదిరగవద్దు



మన కొంగరకలాన్‌కు 2022లో కలెక్టరేటు వచ్చింది. అంతకుముందే, 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌తో, మనం బతికే ఉన్నామన్న ఋజువు కంప్యూటరు ద్వారా వెళ్తోంది. గడువులోగా అది చేరకపోతే పెన్షన్ ఆగుతుంది.

ఫైలు ఆగితే ఏ సీటులో ఆగిందో వరుసగా వెతికేవాళ్లం కదా, ఇదీ అంతే. ముందు వైరు, రూటరు దీపాలు చూడమనండి. తర్వాత, 1983లో అమెరికాలో మైక్ మూస్ రాసిన ‘పింగ్’ ఉంది. 127.0.0.1 పలికితే మిషనులో నెట్‌వర్క్ ఏర్పాటు బాగున్నట్టు; రూటరు పలికితే గదిలో లైను బాగున్నట్టు. ఆ రెండూ పలికాకే బయటి లైనును, సర్వరును అనుమానించాలి.

వేలిముద్ర పడకపోవడం లైను దోషం కాదు. ముఖం చూపి ప్రయత్నించవచ్చు. ప్రమాణ్ ఐడీ చేతికి రానిదే కుర్చీలోంచి లేవవద్దని నా మనవి. సెలవు.