నీట మునిగిన రెండు లోయలు



ఈజిప్టు అనగానే పిల్లల మనస్సులో మెదిలేవి పిరమిడ్లు, మమ్మీలు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని ప్రత్యక్షంగా దర్శించినవారు కూడా ఈ సభలో ఉండవచ్చు. అయితే నైలునది కథలో ఒక ముఖ్యభాగం పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించదు. దాని పేరు నూబియా.

ఈజిప్టు దక్షిణభాగాన గల అస్వాన్ మొదలుకొని నేటి సూడాన్ ఉత్తరభాగం వరకు వ్యాపించిన నైలు లోయయే నూబియా. బంగారము, ఏనుగుదంతము, నల్లచేవ కలప ఈ మార్గముననే ఈజిప్టుకు చేరేవి. ఆ సంపదకై ఫరోలు నూబియాను జయించి శతాబ్దాలపాటు ఏలారు. కాని చరిత్ర చక్రం తిరిగింది. క్రీ.పూ. 8వ శతాబ్దిలో నూబియాలోని కుష్ రాజు పియే ఈజిప్టునే జయించాడు. అతని వంశీయుడైన తహర్కా కర్నాక్ ఆలయంలో మహాస్తంభాలు నిలిపాడు. అస్సీరియనుల దాడులకు వెనుదిరిగిన పిమ్మట కూడ కుష్ రాజ్యం అంతరించలేదు. మెరోయీ నగరం రాజధానిగా మరి కొన్ని వందల ఏండ్లు వర్ధిల్లింది. సూడాన్‌లో రెండు వందలకు పైగా పిరమిడ్లు ఉన్నాయి. పరిమాణంలో చిన్నవే అయినా, సంఖ్యలో అవి ఈజిప్టు పిరమిడ్లను మించినవి. అక్కడ రాణులు స్వయంగా రాజ్యమేలారు. అందులో ఒకరు రోమనులతో యుద్ధం సాగించారు.

ఇంతటి నాగరికతకు సొంత లిపి కూడ ఉండేది. ఈజిప్టు చిత్రలిపిని 1822లో షాంపోలియన్ ఛేదించాడు. మెరోయీ లిపిలోని అక్షరాల ధ్వనులను 20వ శతాబ్ది ఆరంభంలో గ్రిఫిత్ గుర్తించాడు. శాసనాలను పైకి చదవవచ్చు. కాని అందులోని మాటలలో చాలవాటికి అర్థం నేటికీ తెలియదు. అక్షరం నిలిచినా భాష మాట్లాడేవారు లేకపోతే ఏమగునో చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనం అక్కరలేదు.

ఈ దూరదేశంతో తెలుగువారికి సంబంధమేమని ప్రశ్న కలుగవచ్చు. ఎర్రసముద్ర తీరాన ఉన్న ఈజిప్టు రేవు బెరెనికేలో ఇటీవలి త్రవ్వకాలలో శాతవాహనుల నాణెములు బయల్పడినవి. అంతకంటె దగ్గరి పోలిక కృష్ణానది ఒడ్డున ఉన్నది.

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నిలిచిన నాగార్జునకొండ లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ విస్తారమైన త్రవ్వకాలు సాగాయి. ముఖ్య కట్టడాలను కొండమీదికి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. సరిగ్గా అదే కాలంలో అస్వాన్ వద్ద ఎత్తయిన ఆనకట్ట ఆరంభమైనది. నూబియాను కాపాడుమని 1960లో యునెస్కో లోకానికి విజ్ఞప్తి చేసింది. రెండవ రామ్సెస్ నిర్మించిన అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి చేర్చి తిరిగి అమర్చారు. ఆ పిలుపు అందుకొని భారత పురావస్తు శాఖ కూడ బి.బి. లాల్ నాయకత్వంలో 1961–62లో నూబియాకు వెళ్ళి, అఫ్యే గ్రామం వద్ద త్రవ్వకాలు జరిపింది.

రాళ్ళు ఒడ్డుకు చేరాయి. మరి మనుషులో? ఈజిప్టు, సూడాన్ దేశాలలో కలిపి సుమారు లక్షమంది నూబియనులు ఊళ్ళు విడిచారు. నైలు ఒడ్డున ఖర్జూరపు తోటల నీడలో పెరిగినవారు నదికి దూరపు కాలనీలకు చేరారు. కృష్ణాతీరాన కూడ ఎన్నో కుటుంబాలు తాతల నాటి ఇళ్ళు వదలుకొన్నాయి. ఆనకట్ట వలన పొలాలకు నీరు, ఇళ్ళకు వెలుగు వచ్చిన మాట నిజమే. దానికి మూల్యం చెల్లించినవారిని మరువరాదన్నదీ నిజమే.

చోటు మారిన నూబియనులకు నలువైపులా అరబ్బీ భాషయే. బడిలో, బజారులో, కొలువులో అదే అవసరమైనది. పిల్లలు మెల్లమెల్లగా తాతల పలుకు మరువసాగారు. అది గమనించిన కొందరు పెద్దలు, మధ్యయుగంలో తమవారు వ్రాసిన పాత నూబియన్ లిపిని వెదకి పిల్లలకు తిరిగి నేర్పనారంభించారు. ఒక ఆలయాన్ని తరలించుటకు ఎన్నో దేశాలు ధనమిచ్చాయి. భాషను తరలించే భారం మాత్రం ఇంటి పెద్దలమీదనే పడింది.

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిని ఏ వరదా తరుమలేదు. కన్నడదేశం ఆదరంతో చోటిచ్చింది. ఆ భాషను గౌరవించి నేర్చుకొనుట కనీస ధర్మం. ఉద్యోగానికి ఇంగ్లీషు కావలసినదే. అయినా ఇంటిలో అవ్వ మాట్లాడే మాట మనుమడికి అర్థం కాని రోజు వస్తే, ఆ ఇంట కూడ ఒక లోయ మునిగినట్లే. డెబ్బది అయిదేండ్లుగా ఈ పాఠశాల చేస్తూ వచ్చిన పని ఆ నీటిని అడ్డుకొనుటయే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంటిలో తాతగారి ఉత్తరమో, పాత దస్తావేజో, పెళ్ళి శుభలేఖయో ఉంటే ఈ వారమే తీసి పిల్లలచేత చదివించండి. తెలియని మాట తగిలితే అర్థం చెప్పండి. చెప్పగలవారు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.